ఒక పాదం – పలు చేతులు

పాఠ్యభాగ నేపథ్యం

ప్రక్రియ: వ్యాసం. సమకాలీన రూపకల్పన రంగంలో భిన్న శాస్త్రాలవారు, భిన్న వృత్తులవారు కలిసి పనిచేయవలసిన ఆవశ్యకతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. జైపూర్‌లో రూపొందిన కృత్రిమ పాదం, హైదరాబాదులో రూపొందిన తేలికపాటి కాలిపర్ ఈ పాఠంలో ప్రధానమైన ఉదాహరణలు.

పాఠ్యభాగం

మన గ్రామాలలో నాగలి ఏ ఒక్కరి చేతిపనీ కాదు. వడ్రంగి కొయ్యను చెక్కి మేడిని, నొగను అమర్చుతాడు. కమ్మరి ఇనుమును కాల్చి, సాగగొట్టి కర్రును సిద్ధం చేస్తాడు. నల్లరేగడిలో నాగలి ఎట్లా సాగుతుందో, చలక నేలలో ఎట్లా సాగుతుందో, తన ఎద్దుల బలం ఎంతో చెప్పవలసినవాడు రైతు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినకపోయినా నాగలి నాగలిగా పనికిరాదు. ఒకరి విద్య మరొకరికి లేదు. అయినా ముగ్గురి విద్యలూ ఒకే వస్తువులో కలిసిపోయాయి. ఆ వస్తువు మీద ఎవరి పేరూ లేదు.

ఒక అవసరాన్ని గుర్తించి, దానిని తీర్చడానికి తగిన వస్తువును గాని, విధానాన్ని గాని ఆలోచించి, ఆకృతినిచ్చి, పరీక్షించి, సరిదిద్దే ప్రక్రియనే రూపకల్పన అంటాం. నేడు డిజైన్ అనే మాట వినగానే చాలామందికి చీర అంచు మీది పూలతీగలో, భవనం ముందరి అలంకారమో స్ఫురిస్తుంది. అలంకారం రూపకల్పనలో ఒక భాగమే గాని అదే సర్వస్వం కాదు. రోగి పడుకునే మంచం ఎత్తు, బస్సు ఎక్కే మెట్టు వెడల్పు, మందుసీసా మూత తిరిగే తీరు కూడా రూపకల్పనలే. వీటిలో ఏ ఒక్కటీ ఒకే శాస్త్రానికి లొంగదు. వస్తువు మనిషి చేతిలోకి వెళ్ళగానే అందులో పదార్థ విజ్ఞానం, శరీర ధర్మం, ఖర్చు లెక్క, ఆచారం, అలవాటు అన్నీ ఒక్కసారిగా ముందుకు వస్తాయి.

ఈ కలయికలో రెండు స్థాయులను గుర్తించాలి. పలు శాస్త్రాలవారు ఎవరి పని వారు చేసి, చివరకు అన్నింటినీ ఒకచోట చేర్చడం మొదటి స్థాయి. దీనిని బహుశాస్త్రీయ సహకారం అనవచ్చు. ఒకరి ప్రశ్న మరొకరి పనిని మార్చేటంతగా కలిసి ఆలోచించడం రెండవ స్థాయి. దీనిని అంతశ్శాస్త్రీయ సహకారం అంటారు. మొదటిది విస్తరిలో వడ్డించిన పదార్థాల వంటిది. అన్నీ ఉంటాయి, కాని దేని రుచి దానిదే. రెండవది ఉగాది పచ్చడి వంటిది. అందులో వేపపువ్వు చేదు బెల్లం వల్ల మారుతుంది, బెల్లం తీపి చింతపండు వల్ల మారుతుంది. ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయేది ఈ రెండవ స్థాయినే.

పూర్వుల దృష్టి

విద్యలు ఒకదానిని మరొకటి ఆశ్రయించి ఉంటాయన్న ఎరుక మన పూర్వులకు ఉంది. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలో వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని సమీపించి, దేవతా ప్రతిమలను నిర్మించే విధానం బోధించమని కోరుతాడు. చిత్రకళ తెలియనివానికి ప్రతిమా లక్షణం తెలియదని మహర్షి సమాధానమిస్తాడు. రాజు చిత్రకళనే బోధించమంటాడు. నృత్తం తెలియనిదే చిత్రం బోధపడదని మహర్షి అంటాడు. నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం మూలమని ఆ సంభాషణ సాగుతుంది. రాతిని మలచదలచినవాడు పాటతో మొదలుపెట్టవలసి వచ్చింది! శిల్పి గాయకుడు కావాలని దీని భావం కాదు. రాతిలో నిలిచే భంగిమ నర్తకి దేహంలో పుట్టింది, ఆ దేహాన్ని నడిపించినది తాళం. తన పనికి మూలం తన పనిముట్ల పెట్టె వెలుపల ఉన్నదని శిల్పి గ్రహించాలన్నదే ఆ సంభాషణ సారాంశం.

ఆధునిక కాలంలో ఇటువంటి ఎరుకనే మరొక విధంగా మనకు గుర్తుచేసినవారు అమెరికాకు చెందిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు. భారత ప్రభుత్వ ఆహ్వానంపై మన దేశంలో పర్యటించి, 1958లో వారొక నివేదికను సమర్పించారు. అందులో వారు అత్యంత శ్రద్ధతో పరిశీలించిన వస్తువు రాజుల కిరీటమో, దేవాలయ శిల్పమో కాదు, నీళ్ళు తెచ్చుకునే సామాన్యమైన చెంబు. అది ఏ ఒక్కరి సృష్టీ కాదని, తరతరాలుగా అనేకుల చేతులలో రూపుదిద్దుకున్నదని వారు గుర్తించారు. ఎంత నీరు పట్టాలి, నడుము మీదనో తలమీదనో ఎట్లా ఇమడాలి, నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ బరువు ఎట్లా నిలవాలి, ఎట్లా తోమాలి, ఎంత ధర పలకాలి అనే ప్రశ్నలన్నీ ఆ చెంబు ఆకృతిలో ఇమిడి ఉన్నాయి. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. అదే పేరుతో 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక సంస్థ బోధన ప్రారంభించింది.

ఈ దంపతుల తొలినాటి పనులలో ఒకటి ఇక్కడ స్మరింపదగినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికుల కాళ్ళకు లోహపు బద్దలు కట్టేవారు. మోసుకుపోయేటప్పుడు కలిగే అదురు ఆ లోహం వల్ల మరింత పెరిగి క్షతగాత్రులను బాధించేది. ఒక వైద్యమిత్రుని ద్వారా ఈ సంగతి విన్న ఈమ్స్ దంపతులు, పలుచని చెక్క పొరలను అతికించి, కాలి వంపునకు తగినట్లు మలచి, 1942లో ఒక కొత్త బద్దను రూపొందించారు. ఆ విద్యయే తరువాత వారి ప్రసిద్ధమైన కుర్చీలకు దారితీసింది. వైద్యుడు చెప్పిన ఒక బాధ కొయ్యపని స్వరూపాన్నే మార్చివేసింది.

అశ్వినీ దేవతల నుండి జైపూర్ వరకు

కాలు కోల్పోయినవారికి కాలు ఇవ్వాలన్న కోరిక మన వాఙ్మయంలో అతి ప్రాచీనమైనది. యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు లోహపు కాలును అమర్చిన ఉదంతం ఋగ్వేదంలో ఉంది. అశ్వినులు దేవవైద్యులు. వైద్యమూ, లోహవిద్యా వారి చేతులలోనే ఉన్నాయి. మానవ వైద్యునికి ఆ వరం లేదు. అతనికి తోడు కావాలి.

1960ల దశకంలో జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ వైద్యాలయంలో ఎముకల వ్యాధుల విభాగానికి డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ ఆధిపత్యం వహించేవారు. కాలు తొలగించిన రోగులకు కృత్రిమ అవయవాలను అమర్చడం ఆ విభాగం బాధ్యత. పాశ్చాత్య దేశాలలో 1950ల దశకంలో ప్రచారంలోకి వచ్చిన ఒక కృత్రిమ పాదం అప్పటికి లభ్యమవుతూ ఉంది. దాని మధ్యలో గట్టి కొయ్య, మడమ కింద మెత్తని పదార్థం ఉంటాయి. బూటు తొడుక్కొని, చదునైన నేలపై నడిచి, కుర్చీలో కూర్చొనేవారికి అది చక్కగా ఉపకరిస్తుంది. అయితే జైపూర్ వైద్యాలయానికి వచ్చిన నిరుపేద రైతులు, కూలీలు ఆ కాళ్ళను తీసుకొని ఇంటికి వెళ్ళి, కొంతకాలానికి వాటిని పక్కన పెట్టేసేవారు. తిరిగి ఊతకర్రలనే ఆశ్రయించేవారు.

దీనికి కారణమేమి? ఆ పాదంలో శాస్త్రపరమైన దోషం ఏదీ లేదు. దోషమంతా అది ఊహించుకున్న మనిషిలో ఉంది. మన రైతు వట్టికాళ్ళతో పొలానికి వెళతాడు. నీరు పెట్టిన మడిలో దిగుతాడు. గట్టు మీద, రాళ్ళ మీద నడుస్తాడు. గొంతుక్కూర్చొని కలుపు తీస్తాడు. బాసింపట్టు వేసుకొని అన్నం తింటాడు. గుడిలోకి, మసీదులోకి, తన ఇంటి వంటగదిలోకి చెప్పులు విడిచి వెళతాడు. బూటు లేనిదే నిలవని పాదం అతనికి నడక నిచ్చింది గాని, జీవితాన్ని తిరిగి ఇవ్వలేదు. కూర్చునే తీరు కూడా శాస్త్రమే అన్న సత్యాన్ని ఊతకర్రలకు తిరిగి వెళ్ళిన ఆ రోగులే వైద్యులకు బోధించారు.

ఆ వైద్యాలయంలోనే రామచంద్ర శర్మ అనే హస్తకళా నిపుణుడు ఉండేవారు. ఆయనకు బడి చదువు స్వల్పం. వంశపారంపర్యంగా అబ్బిన శిల్పవిద్య మాత్రం అపారం. కొయ్య, లోహం, మట్టి ఆయన చేతులలో ఒదిగిపోయేవి. రోగుల అవస్థను కళ్ళారా చూసిన ఆయన, బూటు అక్కరలేని, చూడటానికి అచ్చమైన కాలివలె ఉండే పాదాన్ని తయారుచేయడానికి పూనుకున్నారు. డాక్టర్ సేథీ, ఆయన సహచర వైద్యులు ఆ పనిలో చేయి కలిపారు. ఒకనాడు ట్రక్కు టైర్లకు కొత్త రబ్బరు తొడిగే దుకాణంలో జరిగే పనిని గమనించినప్పుడు శర్మగారికి ఆ రబ్బరుతోనే పాదం చేయవచ్చునన్న ఆలోచన కలిగిందని చెబుతారు. ఎండకూ, నీటికీ, రాళ్ళకూ ఓర్చుకొని వేల మైళ్ళు తిరిగే టైరు కంటె రైతు పాదానికి తగిన పదార్థం మరేముంటుంది?

ఆలోచన కలగడం వేరు, వస్తువు నిలవడం వేరు. గట్టి రబ్బరుతో మాత్రమే చేస్తే పాదం బరువెక్కి బిగుసుకుపోతుంది. మెత్తని స్పాంజి రబ్బరుతో మాత్రమే చేస్తే త్వరగా అరిగి చినిగిపోతుంది. ఇక్కడ వైద్యశాస్త్రం శిల్పికి తోడు వచ్చింది. గొంతుక్కూర్చొనేటప్పుడు పాదం పైకి వంగాలి. ఎగుడుదిగుడు నేలపై పక్కలకు ఒరగాలి. బాసింపట్టు వేసుకున్నప్పుడు ముందరి భాగం లోపలికి తిరగాలి. ఈ మూడు కదలికలు ఎక్కడ, ఎంత మేరకు అవసరమో శరీర నిర్మాణం తెలిసిన వైద్యుడు చెప్పగలడు. ఆ కదలికను ఏ పదార్థం, ఎంత మందంలో ఇవ్వగలదో చేతిపని తెలిసిన శిల్పి చెప్పగలడు. ఈ రెండు విద్యల సమాగమం వల్ల 1968లో జైపూర్ పాదం రూపుదిద్దుకుంది. చీలమండ దగ్గర ఒక కొయ్యముక్క, మడమలోనూ ముందరి భాగంలోనూ స్పాంజి రబ్బరు, వాటిని చుట్టి నైలాన్ దారాల బలంతో కూడిన రబ్బరు పొర, అన్నింటికీ పైన చర్మపు రంగులో వేళ్ళతో సహా మలచిన తొడుగు. ఈ భాగాలన్నింటినీ అచ్చులో పెట్టి, వేడితో ఏకం చేస్తారు. పాదానికి పైనుండే కాలిభాగాన్ని మొదట అల్యూమినియం రేకుతో తయారుచేసేవారు. తరువాతి కాలంలో నీటి గొట్టాలకు వాడే గట్టి ప్లాస్టిక్ ఆ స్థానాన్ని ఆక్రమించింది.

జైపూర్ పాదంపై పేటెంటు హక్కు తీసుకోలేదు. ఎవరైనా నేర్చుకొని చేసుకొనే వీలు కలిగింది.

పరిపాలన కూడా రూపకల్పనే

పాదం సిద్ధమైనంత మాత్రాన అది పేదవాని కాలికి చేరదు. 1975లో ఐ.ఎ.ఎస్. అధికారి డి.ఆర్. మెహతా జైపూర్‌లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించారు. పదేపదే వైద్యాలయానికి రావడం కూలీకి సాధ్యం కాదు. వచ్చిన ప్రతిసారీ దారి ఖర్చు పెరుగుతుంది, కూలి పోతుంది. అందువల్ల వచ్చినవారిని ఏ వేళనైనా చేర్చుకొని, భోజన వసతులు కల్పించి, కాలిని ఉచితంగా అమర్చి పంపే పద్ధతిని ఆ సంస్థ ఏర్పరచింది. వైద్యుడు చూసింది ఎముకను, శిల్పి చూసింది పదార్థాన్ని, పరిపాలకుడు చూసింది రోగి పోగొట్టుకునే ఒకరోజు కూలిని. ఈ మూడవ చూపు లేకుంటే మొదటి రెండూ వైద్యాలయ ప్రాంగణం దాటేవి కావు. లక్షలాది మందికి ఈ సంస్థ ద్వారా నడక లభించింది. మందుపాతరల వల్ల కాళ్ళు కోల్పోయిన అఫ్ఘానిస్తాన్ ప్రజల వరకు ఆ పాదం ప్రయాణించింది.

తెలుగువారికి ఈ పాదం ఒక చలనచిత్రం ద్వారా చిరపరిచితమైంది. 1981లో జరిగిన బస్సు ప్రమాదం కారణంగా ఒక కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ పాదం ధరించి, కఠోర సాధన చేసి, 1984లో తిరిగి వేదికపై నర్తించారు. ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన 'మయూరి' (1985) చిత్రంలో ఆమె తన పాత్రను తానే పోషించారు. ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. రైతు కోసం పుట్టిన పాదం నర్తకి చేతిలో, అంటే నర్తకి కాలిలో, కొత్త పరీక్షకు నిలిచింది. వస్తువును ఉపయోగించేవారు కేవలం గ్రహీతలు కారు. వారు కూడా రూపకర్తలే.

హైదరాబాదు కాలిపర్

ఇటువంటి కలయికే మన హైదరాబాదులోనూ జరిగింది. డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. 1989లో తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణి కోసం ఆయన బృందం అతి తేలికైన, దృఢమైన కార్బన్ సమ్మిశ్ర పదార్థంపై కృషి చేసింది. కలాంగారు అనేక సభలలో స్వయంగా చెప్పిన ఉదంతం ఇది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యులొకరు ఆ ప్రయోగశాలను సందర్శించారు. అక్కడి పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయారు. వెంటనే కలాంగారిని తన వైద్యాలయానికి తోడ్కొనిపోయారు. అక్కడ చిన్నారులు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను కాళ్ళకు కట్టుకొని, అడుగు తీసి అడుగు వేయలేక ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 300 గ్రాముల కాలిపర్‌ను తయారుచేసి ఇచ్చారు. వాటిని ధరించి పిల్లలు పరుగెత్తినప్పుడు తల్లిదండ్రుల కళ్ళు చెమర్చాయి. తన జీవితంలోని గొప్ప ఆనందాలలో అది ఒకటని కలాంగారు పేర్కొనేవారు.

ఈ సంఘటనలోని కీలకం ఎక్కడున్నది? పదార్థం అంతకుముందే ప్రయోగశాలలో ఉంది. బాధ అంతకుముందే వైద్యాలయంలో ఉంది. రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. వాటి మధ్య లేనిది ఒక్క పరిచయమే. క్షిపణి శాస్త్రజ్ఞునికి పిల్లల కాళ్ళ బరువు తెలియదు. వైద్యునికి క్షిపణి పదార్థం తెలియదు. ఒకరి గుమ్మం మరొకరు తొక్కిన రోజున మూడు కిలోల బరువు 300 గ్రాములైంది. అనంతరం 1990ల దశకంలో కలాంగారు హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజుతో కలిసి గుండె రక్తనాళాలలో అమర్చే తక్కువ ధర స్టెంటును రూపొందించడం ఈ పరిచయ ధర్మానికి కొనసాగింపే.

సహకారానికి కావలసిన గుణాలు

ఈ ఉదాహరణల నుండి మనం గ్రహించవలసిన సూత్రాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, అవసరం ముందు, శాస్త్రం తరువాత. ప్రతి శాస్త్రజ్ఞుడూ తనకు తెలిసిన ఉపాయానికి తగిన సమస్యను వెదకడం సహజం. జైపూర్‌లో గాని, హైదరాబాదులో గాని జరిగినది దీనికి విరుద్ధం. అక్కడ మనిషి బాధ నడుమ నిలిచింది, శాస్త్రాలు దాని చుట్టూ చేరాయి.

రెండవది, పరస్పర గౌరవం. పట్టాలు పొందిన విద్య, పట్టా లేని విద్య ఒకే బల్ల దగ్గర సమానంగా కూర్చోగలగాలి. వైద్యుడు శిల్పిని కేవలం ఆజ్ఞలు అమలుచేసే పనివానిగా చూసి ఉంటే ఆ పాదం పుట్టేది కాదు. ఈ గౌరవం పని జరిగేటప్పుడే గాక పేరు వచ్చేటప్పుడు కూడా నిలవాలి. డాక్టర్ సేథీకి 1981లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. ఆయన సేవకు అది తగిన సత్కారమే. అయితే రామచంద్ర శర్మ పేరు మాత్రం చాలాకాలం లోకానికి అంతగా తెలియలేదు. సమష్టి కృషికి వ్యక్తినామం తగిలించే అలవాటు మన సమాజంలో బలంగా ఉంది. చేతివృత్తులవారి పేర్లు ఆ అలవాటుకు తొలుత బలి అవుతాయి.

మూడవది, ఒకరి భాష మరొకరు కొంతైనా నేర్చుకోవడం. మన దర్శన గ్రంథాలలో పంగ్వంధ న్యాయం అనే మాట ఉంది. నడవలేనివాడు చూపులేనివాని భుజాలపై కూర్చొని దారి చెప్పగా, ఇద్దరూ గమ్యం చేరుతారు. సాంఖ్యులు ప్రకృతి పురుషుల సంయోగాన్ని వివరించడానికి ఈ పోలికను వాడారు. అయితే ఈ పోలికలో ఇద్దరూ మొదట ఎట్లా ఉన్నారో చివరి వరకు అట్లానే ఉంటారు. నిజమైన సహకారంలో అట్లా జరగదు. జైపూర్ శిల్పి కండరాల కదలికను కొంత నేర్చుకున్నాడు. వైద్యుడు రబ్బరు స్వభావాన్ని కొంత తెలుసుకున్నాడు. ఇద్దరూ మారారు.

నాలుగవది, పరీక్షకు, విమర్శకు వెరవకపోవడం. చేతితో చేసే వస్తువుల నాణ్యత ఒకచోట ఒకరకంగా, మరొకచోట మరొకరకంగా ఉండే అవకాశం ఉంది. జైపూర్ పాదం విషయంలోనూ ఈ విమర్శ వచ్చింది. ఆ లోపాన్ని సవరించడానికి మరికొన్ని శాస్త్రాలను ఆహ్వానించారు. పాలియురేథేన్‌తో తేలికైన పాదాన్ని రూపొందించే పనిలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్నారు. మోకాలి పైభాగాన కాలు కోల్పోయినవారి కోసం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విద్యార్థులు జైపూర్ సంస్థతో కలిసి నైలాన్‌తో ఒక కృత్రిమ మోకాలును తయారుచేశారు. టైమ్ పత్రిక 2009లో దానిని ఆ సంవత్సరపు ఉత్తమ ఆవిష్కరణలలో ఒకటిగా పేర్కొన్నది. దానిని రూపొందించినవారు విద్యార్థులన్న సంగతి మరువరానిది.

ముగింపు

పదవ తరగతి దాటగానే మన విద్యార్థులు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అంటూ వేర్వేరు గదులలోకి వెళ్ళిపోతారు. లోతైన అధ్యయనానికి ఆ విభజన అవసరమే. ఒక విద్యలో గట్టిగా పాదం మోపనివాడు మరొక విద్యవానికి తోడ్పడలేడు. కాని గదుల మధ్య గోడలు మనసులలోకి కూడా పాకితే ప్రమాదం. గణితం చదివేవాడు జీవశాస్త్రం తనది కాదనుకొని, జీవశాస్త్రం చదివేవాడు చరిత్ర తనకెందుకనుకొని, అందరూ కలిసి వడ్రంగి పనిని చదువే కాదనుకుంటే, మూడు కిలోల కాలిపర్లు మూడు కిలోలుగానే మిగిలిపోతాయి.

ఇప్పుడు మీ పక్క గదిలో కూర్చున్న విద్యార్థికి తెలిసినది మీకు తెలియదు. మీకు తెలిసినది అతనికి తెలియదు. మీ ఊరి కమ్మరికి, నేతగానికి, మంత్రసానికి తెలిసినది మీ ఇద్దరికీ తెలియదు. ఎక్కడో ఒక మనిషి తన బాధను దించుకోలేక మోస్తూనే ఉన్నాడు. అతని బరువు తగ్గించగల పదార్థం బహుశా ఇప్పటికే ఎవరి దగ్గరో ఉంది. వారి గుమ్మం తొక్కడం నేర్చుకోవడమే రూపకల్పనలో తొలి పాఠం.

కఠిన పదాలు – అర్థాలు

మేడి = నాగలిని పట్టుకొనే పిడి భాగం
నొగ = నాగలిని కాడికి కలిపే పొడవైన కొయ్య
కర్రు = నేలను చీల్చే ఇనుప భాగం
ప్రతిమ = విగ్రహం
నృత్తం = తాళలయలతో కూడిన ఆట
క్షతగాత్రుడు = గాయపడినవాడు
సమాగమం = కలయిక
సమ్మిశ్ర పదార్థం = ఒకటికి మించిన పదార్థాల కలయికతో ఏర్పడినది
పంగువు = కుంటివాడు
సమష్టి కృషి = అందరూ కలిసి చేసే పని

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జైపూర్ పాదం రూపుదిద్దుకున్న విధానాన్ని వివరించి, అందులో వైద్యుని, శిల్పి, పరిపాలకుని పాత్రలను విశ్లేషించండి.
2. అంతశ్శాస్త్రీయ సహకారానికి కావలసిన గుణాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బహుశాస్త్రీయ, అంతశ్శాస్త్రీయ సహకారాల మధ్య భేదమేమి?
2. వజ్రునికి మార్కండేయ మహర్షి చెప్పిన సమాధానంలోని అంతరార్థమేమి?
3. పంగ్వంధ న్యాయానికీ, నిజమైన సహకారానికీ రచయిత చూపిన తేడా ఏమిటి?

ఇ. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. కూర్చునే తీరు కూడా శాస్త్రమే.
2. వాటి మధ్య లేనిది ఒక్క పరిచయమే.

ఈ. భాషాంశాలు
1. సంధులు: వైద్యాలయం = వైద్య + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి); విష్ణుధర్మోత్తరం = విష్ణుధర్మ + ఉత్తరం (గుణసంధి); పంగ్వంధ = పంగు + అంధ (యణాదేశ సంధి).
2. సమాసాలు: మూడు కిలోలు – మూడు సంఖ్య గల కిలోలు (ద్విగు సమాసం), ప్రకృతి పురుషులు – ప్రకృతియును పురుషుడును (ద్వంద్వ సమాసం), కృత్రిమ పాదం – కృత్రిమమైన పాదం (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం).

ఉ. ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒక పనిముట్టును ఎంచుకోండి. దానిని తయారుచేసేవారిని, ఉపయోగించేవారిని కలిసి, దాని రూపంలో ఎవరెవరి విద్య ఇమిడి ఉన్నదో రెండు పుటలలో రాయండి. వేరొక గ్రూపు విద్యార్థితో కలిసి ఈ పని చేయండి. సహకరించిన వృత్తికారులకు మీ రచనలో తగిన గుర్తింపునివ్వండి.